ఆఫీసు కుర్చీ ఎంపిక: చంపాపేట్ పరిసరాల్లో

ఆఫీసు కుర్చీ అంటే రోజుకు ఏడెనిమిది గంటలు బల్ల ముందు కూర్చుని పనిచేసేవారి కోసం, ఎత్తూ వాలూ మార్చుకోవడానికి వీలుగా చేసిన కుర్చీ. చక్రాలున్న ఐదు కొమ్మల బేస్, ఎత్తు పెంచి దించే గ్యాస్ సిలిండర్, వెనక్కి వాలనిచ్చే మెకానిజం, సీటు, వీపు ఆనే భాగం, హ్యాండిల్స్ దాని అంగాలు. ఇవన్నీ కూర్చున్న మనిషి ఒంటి కొలతలకు సర్దుకుంటే దాన్ని ఎర్గోనామిక్ కుర్చీ అనాలి. అంగళ్లలో మాత్రం వెనక మెష్, నడుము దగ్గర ఒక ప్లాస్టిక్ మెత్త కనబడితే చాలు, ఆ పేరు తగిలిస్తారు.

కుర్చీ శాస్త్రం ఏ దేశంలోనైనా ఒకటే. తూర్పు హైదరాబాద్‌లోని చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్లలో దాన్ని వాడే తీరు వేరు. చెప్పులు గుమ్మం బయటే ఆగిపోతాయి. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద ఉంటుంది. కూర్చున్న పావుగంటకు ఒక కాలు సీటు మీదికి ఎక్కుతుంది. బూట్లేసుకున్న పొడుగు మనుషుల ఆఫీసును మనసులో పెట్టుకుని చేసిన కుర్చీ ఇలాంటి ఇంటికి వచ్చేసరికి ఎక్కువగా ఎత్తు దగ్గరే తప్పుతుంది. అందుకని ధర, మెష్, హెడ్‌రెస్ట్ అన్నిటికన్నా ముందు అడగాల్సింది సీటు ఎంత కిందికి దిగుతుందని.

ప్రాంతం, అవసరం

చంపాపేట్ రంగారెడ్డి జిల్లా సరూర్‌నగర్ మండలంలోని ఊరు. నగరం పెరుగుతూ వచ్చి దాన్ని తనలో కలుపుకుంది. ఐ.ఎస్. సదన్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా సాగర్ రింగ్‌రోడ్డు వైపు పోయే దారి దీని మధ్యనుంచే వెళ్తుంది. ఒకపక్క కంచన్‌బాగ్ రక్షణ పరిశోధన సంస్థలు, ఇంకోపక్క దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లూ హాస్టళ్లూ, ఆ దాపునే ఎల్బీనగర్ కూడలి. ఇక్కడ కాపురముండి ఐటీ ఉద్యోగం చేసేవారిలో కొందరి ఆఫీసులు ఉప్పల్‌లోనో, పోచారంలోనో, ఆదిభట్లలోనో ఉన్నా, ఎక్కువమంది పని నగరానికి ఆ కొసన, మాదాపూర్–రాయదుర్గం వైపే. ఎల్బీనగర్–అమీర్‌పేట మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలై, 2019 నవంబరులో ఇంకో మార్గం రాయదుర్గం దాకా చేరాక ఈ ప్రయాణం కొంత సుఖపడింది.

2020 దాకా కుర్చీ కంపెనీ సొత్తు, దాని మంచిచెడ్డలు కంపెనీ బాధ్యత. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి ఆ బాధ్యత రాత్రికి రాత్రే ఇంటికి వచ్చిపడింది. ఆ ఏడాది నవంబరులో కేంద్ర టెలికం శాఖ కాల్‌సెంటర్లూ ఐటీ సేవా సంస్థలూ పాటించాల్సిన నిబంధనలను సడలించడంతో ఇంటి నుంచి పని అనేది తాత్కాలిక సర్దుబాటు దశ దాటింది. ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులు ఆఫీసు, మిగతావి ఇల్లు. రెండు పడగ్గదుల ఫ్లాటులో మంచానికీ అల్మరాకూ మధ్య మిగిలిన నాలుగడుగుల చోటే ఆఫీసు గది. కుర్చీ ఆ చోటులో తిరగాలి, రాత్రికి బల్ల కిందికి దూరాలి. అమెరికన్ సమీక్షలు చదివి కొన్న పెద్ద కుర్చీలు చాలా ఇళ్లలో బాల్కనీకి చేరడానికి నడుమునొప్పి కన్నా ఈ చోటు సమస్యే కారణం.

నేల మీంచి కుర్చీ మీదికి

తెలుగునాట రాతపని చాలాకాలం నేల మీదే సాగింది. కరణం చాప మీదో, దుకాణంలో గుమాస్తా పరుపు మీదో బాసింపట్టు వేసుకుని, ముందు ఏటవాలు రాతపెట్టె పెట్టుకుని చిట్టా, ఆవర్జా రాసేవారు. కుర్చీ మొదట హోదాగా వచ్చింది, పనిముట్టుగా కాదు. చంపాపేట్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో, ఫ్రాన్సు రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపాడని చెప్పే దంతపు కుర్చీలున్నాయి. వాటిమీద కూర్చుని ఎవరూ లెక్కలు రాయలేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పేము అల్లిన చెక్క కుర్చీ, దాని వీపు మీద తెల్లని టర్కీ టవలు కూడా హోదాకు గుర్తులే. ఆఫీసు కుర్చీల కేటలాగులు నేటికీ ఈ వరసనే పాటిస్తాయి: పొడుగు వీపున్నది బాస్‌కు, మధ్యరకం ఉద్యోగికి, కదలనిది వచ్చిపోయేవారికి. రోజంతా కీబోర్డు ముందుండే మనిషికి అందరికన్నా చవక కుర్చీ దక్కడం ఈ పద్ధతిలోని వింత.

పాశ్చాత్య దేశాల్లో పని కుర్చీ పందొమ్మిదో శతాబ్దంలో కదలడం నేర్చింది. అమెరికన్ థామస్ వారెన్ 1849లో తయారుచేసిన స్ప్రింగు కుర్చీని 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. శరీరానికి పనిని అమర్చే శాస్త్రానికి ఎర్గోనామిక్స్ అన్న పేరును పోలండ్ పండితుడు యాస్త్రెంబోవ్‌స్కీ 1857లో వాడాడు. 1949లో బ్రిటన్‌లో ఆ పేరుతో సంఘం ఏర్పడ్డాకే అది స్థిరపడింది. స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ ఒకెర్‌బ్లోమ్ 1948లో నిలబడే, కూర్చునే భంగిమలపై రాసిన గ్రంథం నడుము దగ్గర ఆధారం ఉండాలన్న వాదనకు బలమిచ్చింది. బిల్ స్టంఫ్ 1976లో హెర్మన్ మిల్లర్ కంపెనీకి ఎర్గాన్ కుర్చీని, 1994లో డాన్ చాడ్విక్‌తో కలిసి ఏరాన్‌ను రూపొందించాడు. ఫోమ్ తీసేసి సీటుకూ వీపుకూ వల బిగించిన ఏరాన్, ఆ తర్వాత వచ్చిన మెష్ కుర్చీలన్నిటికీ తల్లి. అయితే దాన్ని అనుకరించినవారు దాని వలను తీసుకుని, అంతకన్నా గొప్ప సంగతిని వదిలేశారు. ఏరాన్ మొదటినుంచీ మూడు సైజుల్లో దొరుకుతుంది. చెప్పులకూ చొక్కాలకూ సైజు అడిగే మనం కుర్చీకి అడగకపోవడానికి మార్కెట్లో ఒకటే సైజు ఉండటమే కారణం.

మన దేశంలో 1897లో తాళాలతో మొదలైన గోద్రెజ్ 1923లో ఉక్కు ఫర్నిచర్‌లోకి వచ్చింది. బెంగళూరు ఫెదర్‌లైట్ 1965 నాటిది. భారతీయుల ఒంటి కొలతలను దేశవ్యాప్తంగా సేకరించి డిజైనర్లకు అందించిన ముఖ్యమైన పుస్తకాన్ని దేవకుమార్ చక్రవర్తి రాయగా, అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించింది. ఆ పట్టికలు ఉన్నా, బజార్లో అమ్ముడయ్యే కుర్చీల్లో చాలావాటి భాగాలు అంతర్జాతీయ అచ్చుల్లో పోసినవే.

వెన్నుకు ఏమవుతుంది

నిలబడినప్పుడు నడుము దగ్గర వెన్ను లోపలికి వంగి ఉంటుంది. కూర్చోగానే కటి వెనక్కి తిరిగి ఆ వంపు చదునవుతుంది. వెన్నుపూసల మధ్య డిస్కుల ముందుభాగం మీద ఒత్తిడి పెరిగి, వెనక కండరాలు సాగుతాయి. స్వీడన్ సర్జన్ ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో, ఆ తర్వాతా డిస్కుల్లో సూది పెట్టి కొలిచి, ఆనుకోకుండా కూర్చుంటే నిలబడినప్పటి కన్నా ఒత్తిడి సుమారు 40 శాతం ఎక్కువని చెప్పాడు. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వాలంటీరు డిస్కులో సెన్సర్ అమర్చి చూస్తే తేడా అంత కనిపించలేదు, జారగిలబడి కూర్చున్నప్పుడు తక్కువే వచ్చింది. 2006లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో 22 మందికి ఎమ్మారై తీసిన వైద్యులు, తొడలకూ వీపుకూ మధ్య 135 డిగ్రీల కోణంలో వెన్ను మీద భారం తక్కువని తేల్చారు. ఈ లెక్కల్లో ఎంత భేదమున్నా ఒక విషయం స్పష్టం. చిన్నప్పుడు బళ్లో నేర్పిన నిటారు 90 డిగ్రీల కూర్చోవడం వెన్నుకు వరమేమీ కాదు. కొద్దిగా వెనక్కి వాలి, 100 నుంచి 110 డిగ్రీల దగ్గర, వీపును పూర్తిగా ఆనించి కూర్చోవడం మేలు.

ఇక రెండో విషయం కుర్చీలు అమ్మేవారికి రుచించనిది. ఏ భంగిమ అయినా గంటల తరబడి అలాగే ఉంటే చెడ్డదే. ఆఫీసు ఉద్యోగుల మెడ, భుజం నొప్పుల నివారణపై 2018లో వచ్చిన కాక్రేన్ సమీక్షలో, పరికరాలు మార్చడం వల్ల లాభముందనడానికి ఆధారాలు చాలావరకు బలహీనంగానే కనిపించాయి. చేతికి ఆధారమిచ్చి మౌస్ మార్చితే కొంత ఫలితముండొచ్చని మాత్రం తేలింది. మంచి కుర్చీ నొప్పిని నయం చేసే మందు కాదు. తప్పుగా ఉన్న కుర్చీ నొప్పిని పెంచగలదు, అంతవరకు నిజం. కాలు తిమ్మిరెక్కి బలహీనపడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా కుర్చీ మార్చి చూడటం కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎత్తు లెక్క

మోకాలి వెనక మడత నుంచి నేల దాకా ఉన్న దూరమే సీటు ఎత్తుకు కొలత. ఇది మనిషి పొడుగులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. మన దేశంలో ఆడవారి సగటు పొడుగు 152, 153 సెంటీమీటర్ల దగ్గర, మగవారిది 165 దగ్గర. అంటే ఉత్త కాళ్లతో సగటు స్త్రీకి 38, పురుషుడికి 41 సెంటీమీటర్ల ఎత్తున సీటు కావాలి. మార్కెట్లోని మామూలు ఆఫీసు కుర్చీ పూర్తిగా దించినా 43 నుంచి 46 దగ్గర ఆగిపోతుంది. ఆఫీసులో బూట్లూ మడమ చెప్పులూ రెండు మూడు సెంటీమీటర్లు కలిపి ఈ లోటును కొంత పూడుస్తాయి. ఇంట్లో ఆ కాస్తా పోతుంది. పాదాలు గాల్లో వేలాడితే తొడల కింద సీటు అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ ఒత్తిడి తప్పించుకోవడానికి మనిషి సీటు ముందుకొచ్చి కూర్చుంటాడు, దాంతో ఇరవై వేలు పెట్టి కొన్న నడుము ఆధారం వీపుకు తగలనే తగలదు. ఇలా ముందంచు మీద కూర్చుని పనిచేసేవారిని గమనిస్తే వారిలో పొట్టివారు, ముఖ్యంగా ఆడవారు, ఎక్కువగా కనిపిస్తారు. బద్ధకమని, అలవాటని వాళ్లను తప్పుపడతారు కానీ తప్పు సిలిండర్‌ది.

లెక్కలో రెండో భాగం బల్ల. రాతబల్లా డైనింగ్ టేబులూ సాధారణంగా 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు ఉంటాయి. కీబోర్డు మోచేతి ఎత్తులో ఉండాలి. కూర్చున్నప్పుడు మోచేయి సీటుకు 20, 22 సెంటీమీటర్ల పైన ఉంటుంది. 38 సెంటీమీటర్ల సీటు మీద కూర్చున్న స్త్రీ మోచేయి 60 దగ్గర, బల్ల 75 దగ్గర. ఆ అరడుగు తేడాను భుజాలు పైకెత్తి భరిస్తాయి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుర్చీని పైకి లేపితే చేతులు కుదురుతాయి, పాదాలు లేస్తాయి. ఒకదాన్ని సర్దితే ఇంకొకటి తప్పే ఈ చిక్కుకు మార్గం రెండు వైపుల నుంచీ రావాలి. బల్ల ఎత్తు మార్చలేకపోతే కుర్చీ ఎత్తును చేతుల కోసం సర్ది, కాళ్ల కింద పీట వేయాలి. ఫుట్‌రెస్ట్ పేరుతో వెయ్యీ రెండు వేలకు అమ్మేది చేసే పని వంటింట్లో చెక్క పీట కూడా చేస్తుంది, రెండు పాదాలూ పూర్తిగా పట్టేంత వెడల్పుంటే చాలు. వడ్రంగి పనివాడు అందుబాటులో ఉంటే బల్ల కాళ్లు రెండు మూడంగుళాలు కోయించడం ఇంకా మంచి పద్ధతి. సొంత బల్లకు ఈ పని చేయించేవారు తక్కువ, వేలు పోసి కుర్చీలు మార్చేవారు ఎక్కువ.

మూడోది తెర. లాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి సరిపడితే ఇంకొకటి తప్పుతుంది. లాప్‌టాప్ కింద స్టాండో లావుపాటి పుస్తకాలో పెట్టి, విడిగా కీబోర్డూ మౌసూ తగిలించుకుంటే మెడకు వచ్చే లాభం కుర్చీ మార్చడం వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ. ఖర్చు కూడా చాలా తక్కువ.

సీటు, వీపు, హ్యాండిల్స్

వీపు పూర్తిగా ఆనించి కూర్చున్నప్పుడు మోకాలి మడతకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. సీటు అంతకన్నా లోతుంటే పొట్టివారు మళ్లీ ముందుకే జరుగుతారు. ముందుకూ వెనక్కీ జరిపే సీటు, దుకాణదారు సీట్ స్లైడర్ అనేది, ఒకే కుర్చీని భార్యాభర్తలిద్దరూ పంచుకునే ఇంట్లో హెడ్‌రెస్ట్ కన్నా ఎంతో విలువైనది. హెడ్‌రెస్ట్ వెనక్కి వాలి ఫోన్ మాట్లాడేటప్పుడే పనికొస్తుంది. టైపు చేసేటప్పుడు తల దానికి ఆనదు, కొప్పు వేసుకున్నవారికైతే తలను ముందుకు తోస్తుంది. నడుము ఆధారం పైకీ కిందికీ జరగాలి. జరగని మెత్త పొడుగువారికి పిరుదుల పైన, పొట్టివారికి వీపు మధ్యలో గుచ్చుకుంటుంది.

మెకానిజం కుర్చీకి ప్రాణం లాంటిది, దాని గురించి అడిగేవారే తక్కువ. చవక కుర్చీలో సీటూ వీపూ ఒకే పలకలా వెనక్కి ఊగుతాయి, ఊగినప్పుడల్లా మోకాళ్లు పైకి లేస్తాయి. సింక్రో టిల్ట్ ఉన్నదాంట్లో వీపు రెండు డిగ్రీలు వాలితే సీటు సుమారు ఒక డిగ్రీ వాలుతుంది, పాదాలు నేలమీదే ఉంటాయి. వాలే బిగువును మన బరువుకు తగ్గట్టు తిప్పుకునే మర సీటు కింద ఉంటుంది. కొన్న రోజు నుంచీ దాన్ని ముట్టుకోకుండా వాడి, కుర్చీ వెనక్కి తోసేస్తోందనో అసలు వాలడం లేదనో ఫిర్యాదు చేసేవారు ఎక్కువ.

ఇక బాసింపట్టు సంగతి. కుర్చీ మీద కాళ్లు మడిచి కూర్చోవడాన్ని పాశ్చాత్య ఎర్గోనామిక్స్ పుస్తకాలు పట్టించుకోవు, మన ఇళ్లలో అది రోజూ జరిగేదే. గంటకోసారి భంగిమ మారడం మంచిదే కనుక దీన్ని తప్పుగా చూడక్కర్లేదు. చక్రాల కుర్చీ చివర్న మడిచి కూర్చుంటే జారిపడే ప్రమాదం మాత్రం ఉంది. ఈ అలవాటున్నవారికి యాభై సెంటీమీటర్ల వెడల్పు సీటు, పైకి మడిచిపెట్టే హ్యాండిల్స్ కావాలి. రేసు కారు సీటు ఆకారంలో వచ్చే గేమింగ్ కుర్చీలు రెండు వైపులా గట్లు కట్టి ఉంటాయి, కాలు మడవడానికి అసలు వీలివ్వవు. మెష్ సీటు కూడా ఈ భంగిమకు పనికిరాదు, మోకాలి ఎముకకు చట్రం అంచు తగులుతుంది. అలాంటివారికి వీపున మెష్, సీటుకు ఫోమ్ ఉన్నది సరైన కలయిక.

హ్యాండిల్స్ ఎత్తు మారకపోతే వాటివల్ల కీడే ఎక్కువ. బల్లకు తగిలి కుర్చీని దగ్గరికి రానివ్వవు, మనిషి ముందుకు వంగుతాడు. మారనివి ఉంటే నాలుగు బోల్టులు విప్పి తీసేయడమే నయం.

ఎండ, గచ్చు, చున్నీ

మే నెలలో నలభై డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో రెగ్జిన్, పీయూ లెదర్ సీట్లు చెమట పట్టిస్తాయి. వేడికీ తేమకూ వాటి పైపొర కొన్నేళ్లకే పొలుసులుగా ఊడి బట్టలకంటుకుంటుంది. ఇక్కడ మెష్‌కు దక్కిన ఆదరణ సమంజసమైనదే, పేము అల్లిక కుర్చీ మన తాతల ఆఫీసుల్లో చేసిన పనినే ఇది నైలాన్ దారంతో చేస్తుంది. చవక మెష్ ఏడాది తిరిగేసరికి సాగిపోయి గుంత పడుతుంది. వేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే బిగువుకు రావాలి. ఫోమ్ సీటులో అచ్చులో పోసిన ఫోమ్, దిమ్మ నుంచి కోసిన ఫోమ్ అని రెండు రకాలు. మొదటిది ఎక్కువ కాలం ఆకారం నిలుపుతుంది. అడిగితే డెన్సిటీ 40 అనో 50 అనో చెబుతారు. ఘనపు మీటరుకు అన్ని కిలోలని దాని అర్థం, గట్టిదనానికి కొలత కాదు.

చక్రాల గురించి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు. గట్టి నైలాన్ చక్రాలు తివాచీ పరిచిన ఆఫీసుల కోసం. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, తాండూరు బండల మీద అవి జారుతాయి, చప్పుడు చేస్తాయి, కింది వాటాలోని వారికి అర్ధరాత్రి అమెరికా కాల్ సంగతి తెలియజేస్తాయి. మెత్తని పాలీయురెథేన్ పూతున్న చక్రాలు వేయించుకుంటే సరి. చాలా కుర్చీలకు చక్రం కాడ 11 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది కనుక లాగి మార్చుకోవచ్చు. వేలాడే చున్నీ, చీర కుచ్చిళ్లు చక్రాల్లో ఇరుక్కోవడం, రాలిన వెంట్రుకలు ఇరుసుకు చుట్టుకోవడం ఈ కుర్చీలతో వచ్చే నిత్య బాధలు. పసిపిల్లలున్న ఇంట్లో మెకానిజం కింద వేళ్లు నలగకుండా చూసుకోవాలి.

ముద్రలు, ప్రమాణాలు

అమ్మకపు పేజీల్లో తరచూ కనిపించే బిఫ్మా అనే పేరు 1973లో ఏర్పడిన అమెరికా ఫర్నిచర్ తయారీదారుల సంఘానిది. దాని ఎక్స్ 5.1 ప్రమాణం సుమారు 125 కిలోల మనిషిని దృష్టిలో పెట్టుకుని కుర్చీ దృఢత్వాన్నీ మన్నికనూ పరీక్షిస్తుంది. ఇందులో 57 కిలోల బరువును సీటు మీద లక్షసార్లు పడేసే పరీక్ష ఉంది. ఇది కుర్చీ విరగదని చెప్పే ప్రమాణం, సుఖంగా ఉంటుందని కాదు. సిలిండర్‌కో బేస్‌కో మాత్రమే ఆ పరీక్ష జరిగినా కుర్చీ మొత్తానికి ముద్ర వేసే ప్రకటనలున్నాయి. పరీక్ష నివేదిక ఏ భాగానిదో అడగడం కొనేవారి హక్కు. మన బీఐఎస్ 2022లో పని కుర్చీలకు ఐఎస్ 17631 ప్రమాణాన్ని ప్రకటించింది, 2025లో కేంద్రం ఫర్నిచర్ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వును జారీచేసింది.

గ్యాస్ సిలిండర్లకు ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులు ఉన్నాయి. నాలుగో తరగతిదాంట్లో గొట్టం గోడ మందంగా ఉంటుంది.

కొనడం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా విజయవాడ హైవే వెంట ఫర్నిచర్ షోరూమ్‌లు చాలానే ఉన్నా, వాటి ముందు వరసలో సోఫాలూ మంచాలే. ఆఫీసు కుర్చీలు మూలన ఐదారు ఉంటాయి. ఎక్కువ రకాలు ఒకేచోట కూర్చుని చూడాలంటే నగరానికి అవతలివైపు పోవాలి. ఐకియా దేశంలో తన మొదటి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైటెక్‌సిటీ దగ్గరే తెరిచింది. ఆన్‌లైన్‌లో కొనేవారే ఇప్పుడు ఎక్కువ. అక్కడ కొలతల బొమ్మ చూసి సీటు కనిష్ఠ ఎత్తు, లోతు, హ్యాండిల్స్ ఎత్తు రాసుకుని, ఇంట్లో టేపుతో మోకాలి ఎత్తు కొలిచి పోల్చుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. కేటలాగు చెప్పే ఎత్తు మనిషి కూర్చోని సీటుది కావచ్చు, కూర్చుంటే ఫోమ్ రెండు మూడు సెంటీమీటర్లు దిగుతుంది.

షోరూమ్‌లో చెప్పులు విప్పి కూర్చోవాలి. రెండు నిమిషాలు కూర్చుంటే మెత్తగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, ఇరవై నిమిషాలకు ఆ మెత్తదనం అడుగు పలకను చూపిస్తుంది. సేల్స్‌మన్ పక్కన నిలబడి ఉంటే మొహమాటపడి లేచిపోతాం. ఫోన్‌లో ఏదైనా మాట్లాడుకుంటూ కూర్చుండిపోవడం ఉపాయం.

ఐదు వేల లోపు కుర్చీల్లో ఎత్తు తప్ప మరేదీ మారదు. పది, పదిహేను వేల మధ్య జరిగే నడుము ఆధారం, ఎత్తు మారే హ్యాండిల్స్, సింక్రో టిల్ట్ దొరకడం మొదలవుతుంది. రోజంతా కూర్చునేవారికి ఈ శ్రేణి చాలు. దీనికి పైన పెట్టే డబ్బు మన్నికకూ పేరుకూ వెళ్తుంది, సుఖం అదే నిష్పత్తిలో పెరగదు. ఏరాన్ లాంటివి లక్ష దాటతాయి. ఆఫీసులు ఖాళీ అయినప్పుడు బయటికొచ్చే సెకండ్‌హ్యాండ్ కుర్చీలు మంచి బేరం. కొత్త చవక కుర్చీ కన్నా పదేళ్ల నాటి పెద్ద కంపెనీ కుర్చీ మెకానిజం గట్టిగా ఉంటుంది. బేస్ కొమ్మలు మొదట్లో పగిలాయేమో తిరగేసి చూసి, పూర్తిగా పైకి లేపి పది నిమిషాలు కూర్చుంటే దిగిపోతోందా లేదా తెలుస్తుంది.

కొనకుండా సరిపెట్టుకోవడం

హాస్టల్ గదిలో పోటీ పరీక్షలకు చదివేవారికి చక్రాల కుర్చీ అవసరం లేదు. పైగా కాగితం మీద రాసేటప్పుడు మనిషి ముందుకే వంగుతాడు, వెనక్కి వాలే మెకానిజం అప్పుడు నిరుపయోగం. డెన్మార్క్ సర్జన్ ఆగే మాండల్ బడిపిల్లల విషయంలో దశాబ్దాలపాటు వాదించింది ఇదే: రాసేవారికి సీటు ముందుకు కాస్త వాలాలి, బల్ల ఏటవాలుగా ఉండాలి. కరణాల రాతపెట్టె ఆ వాలుతోనే ఉండేది. ప్లాస్టిక్ కుర్చీ సీటు వెనక్కి వాలి గుంతలా ఉంటుంది కనుక వెనక భాగంలో దుప్పటి మడత వేసి ఎత్తు చేస్తే కటి నిలబడుతుంది. అట్టముక్క కింద పుస్తకాలు పెట్టి ఏటవాలు చేసుకోవచ్చు. డైనింగ్ కుర్చీకి టర్కీ టవలును చుట్టగా చుట్టి నడుము వంపు దగ్గర, బెల్టు పెట్టుకునే చోటికి కొంచెం పైగా, కట్టుకుంటే అమ్మే లంబర్ మెత్తలు చేసే పనే చేస్తుంది. ఎత్తు సరిపడేదాకా టవలు మడతలు పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు. అచ్చుపోసిన మెత్తకు ఆ సౌలభ్యం లేదు.

దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాల్లో, మాల్స్‌లో రోజంతా నిలబడి పనిచేసేవారి ముందు ఈ చర్చ విలాసంగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీల చట్టం 1948లోని 44వ సెక్షన్ నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. దుకాణాల ఉద్యోగులకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోకి తెచ్చాయి.

రిపేరు

కుర్చీలో మొదట పోయేది సిలిండర్. రిపేరువాళ్లు హైడ్రాలిక్ పోయింది అంటారు, లోపల ఉండేది ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్. సీళ్లు అరిగి గ్యాస్ తప్పించుకుంటే కూర్చోగానే సీటు మెల్లగా దిగుతుంది. సిలిండర్‌ను కోయడం, వేడి చేయడం ప్రమాదం. అది బేస్‌లోకీ మెకానిజంలోకీ సూదిగా బిగుసుకుని ఉంటుంది, కింది నుంచి సుత్తితో తట్టి, పైన పైపు రెంచితో తిప్పి తీస్తారు. ఇంటికొచ్చి మార్చేవారు నగరమంతటా ఉన్నారు. మార్చేటప్పుడు ఉన్నంత పొడుగుదే వేయించాలన్న నియమం లేదు. పొట్టి సిలిండర్ అడిగి వేయించుకుంటే సీటు రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు ఇంకా కిందికి దిగుతుంది. కుర్చీ కొత్తదే అయినా కాళ్లు అందనివారికి ఇది పీటతో పాటు ఆలోచించదగ్గ మార్గం, పాతదాన్ని దాచి ఉంచితే వారంటీ కాలంలో తిరిగి బిగించుకోవచ్చు. మెష్ చిరిగితే చట్రంతో సహా మార్చాల్సి రావడం వల్ల ఖర్చు కొత్త కుర్చీకి దగ్గరగా పోతుంది. ఫోమ్ దిగిపోతే మాత్రం కుషన్ కుట్టేవారు కొత్త ఫోమ్ వేసి గుడ్డ మార్చి ఇస్తారు. నైలాన్ బేస్‌లో బీట కనిపిస్తే అతికించి వాడకూడదు. విరిగినప్పుడు మనిషితో సహా పక్కకు ఒరుగుతుంది, కొత్త బేస్ విడిగా దొరుకుతుంది.